కొడవలికి దొరకని పాయ

మా గురువమ్మ అసిరమ్మకు ఖాళీ చేతులతో జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు వాళ్ళ చేతిలో ఇంత గోగునార పెట్టి, “పేనుతా మాటాడు” అనేది. నార పేనుతూ అడిగితే సగం ప్రశ్నలు అక్కడికక్కడే చచ్చిపోతాయని ఆమె నమ్మకం. నా అనుభవమూ అదే. దేవుడున్నాడా అని అడగడానికి వెళ్ళి, ఆవుకు పలుపుతాడొకటి పేని, అడగవలసింది మరిచిపోయి ఇంటికొచ్చిన రోజులు నాకున్నాయి.

ఆమె డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. నాగావళి ఒడ్డున మా ఊళ్ళో, తన పెంకుటింటి వసారాలో కూర్చుని తాళ్ళు పేనేది, సంతలో అమ్ముకునేది. సోమవారం మధ్యాహ్నం మాత్రం తత్వాలు చెప్పేది. పదిమందిమి చేరేవాళ్ళం. నా పేరు గంగులు. మా ఇంట్లో సన్నాయి, కత్తెర రెండూ తాతలనాటివి. రోడ్డు మీద నాకొక సెలూన్ ఉంది. పెళ్ళిళ్ళ రోజుల్లో దానికి తాళం వేసి సన్నాయి పట్టుకుంటాను. ఈ కథలో తెలివితక్కువ పని చేసింది నేనే కాబట్టి, దీన్ని నేను చెప్పడమే మర్యాద.

దమయంతి మా ఊరి పారినాయుడి చెల్లెలు. ఆమెను ఏటికి అవతలి ఊళ్ళో మల్లేసుకిచ్చి పెళ్ళి చేశారు. అక్కడినుంచి ప్రతి సోమవారం ఏరు దాటి తత్వాలకు వచ్చేది. మల్లేసుకు అది గిట్టలేదు. మానమన్నాడు, ఆమె మానలేదు. ఒక సోమవారం బయలుదేరబోతూ ఆమె తల దువ్వుకుంటుంటే, వెనకనుంచి జుట్టు గుప్పిట పట్టి, గోగులు కోసే కొడవలితో మూడు వేట్లు వేశాడు. జుట్టు లేని ఆడది గుమ్మం దాటదనుకున్నాడు. దమయంతి అతను కొడవలి కింద పడేసేదాకా ఆగింది. తర్వాత లేచి, పైట కూడా నెత్తిమీదికి లాక్కోకుండా ఏరు దాటి వచ్చి, వసారాలో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఆ రోజు మేమెవరం తలెత్తి ఆమెను చూడలేకపోయాం. ఆ సిగ్గు నాకింకా ఉంది. గురువమ్మ ఒక్కతే ఆమె చేతిలో నార పెట్టి, పాడుతున్న తత్వాన్ని ఎక్కడ ఆపిందో అక్కడినుంచి అందుకుంది. దమయంతి మళ్ళీ మొగుడింటికి వెళ్ళలేదు. అన్న ఇంట్లో ఉండిపోయింది.

అది జరిగి పద్నాలుగు నెలలైంది. మూడు వేట్లకు తెగిన జుట్టు మూడు రకాలుగా పెరిగింది. ఎడమవైపు చెవి దాటి మెడ మీదికొచ్చింది, కుడివైపు భుజం మీద పడింది, వెనక వీపు సగందాకా దిగింది. వీటన్నిటి కిందినుంచి ఒక్క పాయ నడుముదాకా వేలాడుతుండేది. అది కొడవలికి దొరకని పాయ. వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అలాంటి తల కనబడితే కత్తెర పట్టిన ఏ చెయ్యీ ఊరుకోదు. ఆమె నా ముందు కూర్చుని తత్వం పాడుతుంటే నాకు అందులో అర్థం వినబడేది కాదు, ఎగుడుదిగుడు కొసలే కనబడేవి. మనసులోనే ఎన్నిసార్లు ఆ తలను సమం చేశానో చెప్పలేను.

ఇలా ఉండగా శ్రావణంలో దమయంతి తమ్ముడు తవిటినాయుడికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు హైమావతిది మల్లేసు ఊరే. వరసకు అతనికి చెల్లెలవుతుంది. పిల్లను దిగబెట్టడానికి వచ్చేవాళ్ళలో అతనూ ఉంటాడు, రావద్దనడానికి లేదు. కొత్త దంపతులు ఇంటికొచ్చినప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, హారతిచ్చి, ఒకరి పేరు ఒకరిచేత చెప్పించి, అప్పుడు దారి ఇవ్వవలసింది ఆడపడుచు. ఆ ఇంటికి ఆడపడుచు దమయంతి ఒక్కతే. పారినాయుడు చెల్లెల్ని ఇంట్లో పెట్టుకున్నాడు, అన్నం పెట్టాడు, ఆ మాట దాచకూడదు. కానీ నలుగురి నోళ్ళంటే అతనికి భయం. తన నోటితో చెప్పలేక భార్య వరాలమ్మచేత చెప్పించాడు. దమయంతి జుట్టు సమంగా కత్తిరించుకుని, సవరం పెట్టి జడ వేసుకుంటే గుమ్మంలో నిలబడవచ్చు. లేదంటే హారతి పళ్ళెం వరాలమ్మ చెల్లెలు పట్టుకుంటుంది. ఆదివారం పొద్దున వచ్చి ఆ పని చేసిపెట్టమని నాకూ కబురొచ్చింది. నేను సంతోషంగా కత్తెర సాన పట్టించాను.

దానికి ముందు సోమవారం దమయంతి తనంతట తానే నార చేతిలోకి తీసుకుని అడిగింది.

“గురువమ్మా, ఆదివారం నాటికి నాకు తేలాల. ఈ జుట్టు సమంగా కోయించుకుని పెంచుకోనా, ఇలాగే ఒగ్గేసి పెంచుకోనా? కోయించుకుంటే సూసినోళ్ళు అడగడం మానేస్తారు. మా తమ్ముడి పెళ్ళిలో గుమ్మంలో నిలబడతాను. అలిసిపోనాను గురువమ్మా. అద్దంలో సూసుకున్నప్పుడల్లా ఆడి సెయ్యే అవుపడతంది.” నడుము దగ్గరి పాయను ముందుకు తీసుకుంది. “కానీ ఇది ఆడికి దొరకలేదు. ఆడికి దొరకందాన్ని నానే కోయించీడమేటి అనిపిస్తంది.”

మాలో ఒక పెద్దాయన ముసిముసిగా నవ్వాడు. మోక్షం గురించి అడగవలసిన చోట జుట్టు గురించి అడగడమేమిటన్నాడు. గురువమ్మ పేనడం ఆపలేదు.

“మోచ్చానికి తల లేదు బాబూ. ఈ పిల్లకుంది. తలున్నోళ్ళ సంగతి ముందు సూద్దాం” అంది.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే నా గౌరవం దక్కేది. కత్తెర అప్పటికే సంచిలో ఉందాయె, నా నోరు ఊరుకోలేదు. “సమం సేసుకోవాల గురువమ్మా. ముప్పయ్యేళ్ళ సెలూను మీద సెప్తన్నాను. ఎగుడుదిగుడు మీద పెరిగిందంతా ఎగుడుదిగుడే అవుతాది. ముందు అన్నీ ఒక్క తీరున ఉంటేనే పని నిలబడతాది” అన్నాను.

గురువమ్మ అప్పుడు తలెత్తి నన్ను చూసింది. “అలాగేటి? అయితే నా బావితాడు పాడైపోనాది. నువ్వొకటి పేను, ఈ అమ్మి ఒకటి పేనుతాది. నువ్వు ఒక్క తీరునే పేను. దానికి ఎలాగొస్తే అది అలాగ పేనుతాది” అని రెండు కట్టల నార మా ముందు పడేసింది.

వానలకు బావి నిండి నీళ్ళు పైకే ఉన్నాయి, పొడుగు తాడు అక్కర్లేదు. నేను నా కట్ట విప్పి నేలమీద పరిచాను. గోగునార ఒక పోగు బారెడుంటే ఒక పోగు మూరెడుంటుంది. అన్నిటిలోకీ పొట్టి పోగును చూసి, దానికి సరిగ్గా మిగతావన్నీ కత్తెరతో కోసేశాను. నా సెలూన్లో సాయంత్రం పూట ఉన్నట్టు కాళ్ళ దగ్గర నార కుప్పపడింది. సమంగా కోసిన పోగుల్ని కుచ్చులు కుచ్చులుగా తీసుకుని పురి పెట్టాను. ఒక కుచ్చు అయిపోయిన చోట ఇంకో కుచ్చు బెత్తెడు మేర కలిపి ముందుకు పోయాను. అక్కడా ఇక్కడా ఒక్క పీచు లేదు. అంత నున్నటి తాడు ఆ వసారాలో ఎన్నడూ తయారుకాలేదని నాకు గర్వం కూడా కలిగింది. దమయంతి ఏదీ కొయ్యలేదు. పొడుగూ పొట్టీ ఎలా చేతికొస్తే అలా తీసుకుని, పేట ఎక్కడ సన్నబడితే అక్కడ ఇంకో పోగు దూర్చుకుంటూ పోయింది. ఒక పోగు మొదలైన చోట ఇంకోటి సగంలో ఉంది, మూడోది అయిపోవస్తోంది. కొసలన్నీ బయటికి పొడుచుకొచ్చి ఆమె తాడు గొంగళిపురుగులా తయారైంది. దాన్ని చూసి నాకు జాలేసింది.

“ముందు నీది కట్టు” అంది గురువమ్మ నాతో.

ఆమెకున్న ఒకే ఒక ఇత్తడి బొక్కెన, తల్లి ఇచ్చింది, దానికి నా తాడు కట్టి బావిలోకి వదిలాను. నిండింది. గిలక మీద రెండుసార్లు లాగాను. మూడోసారి చేతికి బరువు తెలియలేదు. తెగిన చప్పుడు కూడా రాలేదు. అతుకు దగ్గర ఒక కుచ్చు ఇంకో కుచ్చులోంచి నెమ్మదిగా జారిపోయింది, అంతే. పోగులన్నీ ఒకే చోట అయిపోయాయి కాబట్టి అక్కడ పట్టుకోవడానికి ఏదీ మిగల్లేదు. బొక్కెన బుడుంగుమంది.

“దిగు” అంది గురువమ్మ.

నాకు ఈత వచ్చు. చొక్కా విప్పి దూకాను. రెండోసారి మునిగినప్పుడు బొక్కెన దొరికింది. తీరా చూస్తే పైకెక్కడానికి మెట్లు లేవు, రాళ్ళన్నీ పాచిపట్టి ఉన్నాయి, పట్టు దొరకడం లేదు. ఒక చేత్తో బొక్కెన, ఒక చేత్తో పాచి, గొంతుదాకా నీళ్ళు. పైనుంచి దమయంతి తన తాడు వదిలింది. నిజం చెబుతున్నాను, ఆ గొంగళిపురుగును నమ్ముకోవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. కానీ వేరే తాడు లేదు, పేనినవన్నీ సంతలో అమ్ముడుపోయాయి. చేతికి చుట్టుకున్నాను. ఆమె, ఇంకో ఇద్దరూ కలిసి లాగారు. డెబ్భై కిలోల మనిషి, ఆపైన నీళ్ళతో బొక్కెన. తాడు మూలిగింది, బిగుసుకుంది, ఆ కొసలన్నీ నా అరచేతుల్లో గుచ్చుకున్నాయి. తెగలేదు.

ఒడ్డున పడి రొప్పుతుంటే గురువమ్మ దగ్గరకొచ్చి అడిగింది. “తాడెలాగుందిరా?”

“గుచ్చుకుంటంది గురువమ్మా.”

“ఊఁ” అంది. తర్వాత నా తాడు ముక్కను కాలితో కదిపి, “దీన్ని గోడకి తగిలించండి, సూడ్డానికి బాగుంది” అని వసారాలోకి వెళ్ళి తత్వం అందుకుంది. జుట్టు సంగతి మళ్ళీ ఎత్తలేదు. దమయంతి తడి తాడును ఒళ్ళో పెట్టుకుని, కొసలు పొడుచుకొచ్చిన చోటల్లా వేళ్ళతో తడుముతూ చాలాసేపు కూర్చుంది. పొద్దువాలుతుంటే తాడు చుట్టచుట్టి గిలక మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున పారినాయుడి ఇంటికి వెళ్ళాను. వరాలమ్మ పెరట్లో పీట వేసి, సవరం కూడా పక్కనే పెట్టి ఉంచింది. “జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. ఉన్న కాస్తా సమంగా తెగ్గొట్టు గంగులూ, మిగతాది సవరం సూసుకుంటాది” అంది. దమయంతి పీట మీద కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడి, “నాకొద్దు బాబాయ్” అంది.

వరాలమ్మ నావైపు చూసింది. నేను సంచి తెరిచి, కత్తెర తీసి, వెలుగులో పట్టి, పెదవి విరిచాను. “పదును పోయిందమ్మా, జుట్టు నలిగిపోతాది” అన్నాను. ముప్పయ్యేళ్ళ వృత్తిలో కత్తెర గురించి నేనాడిన అబద్ధం అదొక్కటే. పారినాయుడు లోపలినుంచి అంతా విన్నాడు. బయటికొచ్చి, చెల్లెలి మొహం చూడకుండా నేలకేసి చెప్పాడు. “అయితే పళ్ళెం నీది కాదు.” దమయంతి లోపలికి వెళ్ళిపోయింది. భయపడి ఊరుకుందేమోననుకుని నాకు దిగులేసింది.

ఆ గురువారం తెల్లవారుజామున అవతలి ఊళ్ళో పెళ్ళయింది. మధ్యాహ్నానికి మా మేళంతో సహా పారినాయుడి ఇంటికి చేరాం. వరాలమ్మ చెల్లెలు పట్టుచీర కట్టుకుని, హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. కొత్త దంపతులు అరుగు ముందుకొచ్చారు. వాళ్ళ వెనక పిల్ల తాలూకు పెద్దలు, ఆ పెద్దల వెనక ఇస్త్రీ చొక్కాలో మల్లేసు.

అప్పుడు లోపలినుంచి దమయంతి వచ్చింది. సవరం లేదు. ఉన్న జుట్టునే మూడు పాయలు చేసి జడ అల్లింది. పొట్టి కొసలన్నీ జడ పొడుగునా పొడుచుకొచ్చి ఉన్నాయి, వాటి మధ్య మల్లెపూలు గుచ్చింది. జడ సగంలో సన్నబడి, అక్కడినుంచి ఆ ఒక్క పాయే నడుముదాకా దిగింది. చివర ఎర్ర రిబ్బను. నేను కోటి తలలు చూసినవాణ్ణి కాను గానీ, చూసినవాటిలో అంత మొండి తల ఇంకోటి లేదు.

“అది నాది. ఇటియ్యి” అని వరాలమ్మ చెల్లెలి చేతిలోంచి పళ్ళెం తీసుకుంది. ఆ పిల్ల వదిలేసింది. పారినాయుడు ఒక అడుగు ముందుకేశాడు. దమయంతి అతనివైపు తిరిగి, “ఈ ఇంట్లో ఆడపడుచుగా పుట్టడానికి నిన్ను అడగలేదన్నియ్యా. నిలబడ్డానికీ అడగను” అంది. గట్టిగా అనలేదు, మామూలుగానే అంది. అతను అక్కడే ఆగిపోయాడు.

పిల్ల తరపు పెద్దాయన, మల్లేసు పెదనాన్న, గొంతు సవరించుకున్నాడు. “ఏటమ్మా ఆ జుట్టు? శుభకార్యం కదా. కాస్త సమంగా కోయించుకోకపోయేవా?”

దమయంతి హారతి వెలిగించి, అగ్గిపుల్ల ఆర్పి, అప్పుడు జవాబు చెప్పింది. “ఎగుడుదిగుడుగా కోసింది నాను కాదు బాబూ. కోసినోడు మీ ఎనకాలే ఉన్నాడు. సమంగా కొయ్యడం ఎందుకు సేతకాలేదో ఆడినడగండి.”

తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. పద్నాలుగు నెలలుగా అందరూ దమయంతి తలనే చూశారు. ఆ రోజు మొదటిసారి మల్లేసు చేతుల్ని చూశారు. అతను వాటిని ముందు చొక్కా కింద, తర్వాత వెనక దాచుకోబోయి, రెండూ కుదరక, చెప్పులు వెతుక్కునే నెపంతో తాము వచ్చిన వ్యాన్ వైపు వెళ్ళిపోయాడు. నాకు ఎవరూ సైగ చేయలేదు. అయినా సన్నాయి నోట్లో పెట్టి, ఊపిరి ఉన్నంతమేరా ఊదాను. డోలు కూడా అందుకుంది.

మేళం ఆగాక దమయంతి పెళ్ళికూతురితో, “ఇప్పుడు పేర్లు సెప్పండి” అంది. అలవాటుగా పెళ్ళికూతుళ్ళు మొగుడి పేరు గొణిగేస్తారు. హైమావతి ఆ కొడవలి కథ పుట్టింటి వీధిలోనే విన్న పిల్ల. తలెత్తి, దమయంతి జడనూ మొహాన్నీ చూసి, “నాను హైమావతి, ఆయన తవిటినాయుడు గారు. మేం వచ్చాం వదినా” అని వీధి చివరికి వినబడేలా చెప్పింది. దమయంతి పక్కకు జరిగి దారి ఇచ్చింది. పారినాయుడు ఆ రోజు చెల్లెలితో మాట్లాడలేదు. తర్వాత ఇంకో పది రోజులూ మాట్లాడలేదు. పదకొండో రోజున అన్నం వడ్డించమన్నాడట.

పెళ్ళి తర్వాత వచ్చిన సోమవారం వసారాలో అందరం చేరాం. నా తాడు ముక్క గోడకు వేలాడుతూనే ఉంది. దమయంతి తాడు బావి మీద పనిచేస్తోంది. నా అరచేతుల్లో గాట్లు ఇంకా మానలేదు. నాకు లోపల ఒక అనుమానం మిగిలిపోయింది. నార చేతిలోకి తీసుకుని అడిగాను.

“అయితే గురువమ్మా, ఇంక ఎప్పుడూ కొయ్యనే కూడదా? అలాగైతే నా సెలూను ఏటవ్వాల?”

అందరూ నవ్వారు. గురువమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, నార కొసలు కోయడానికి ఎప్పుడూ నడుముకు దోపుకుని ఉండే చిన్న కత్తిని తీసింది. ఆ కత్తి ఆమె ఎవరి చేతికీ ఇవ్వగా మేం చూడలేదు. దాన్ని దమయంతి ఒళ్ళో పెట్టింది.

“నీకు సికాకేసిన నాడు నువ్వే కోసుకో అమ్మీ” అంది. “అందాకా ఎవులడిగినా ఇవ్వకు.”